మోచేతికి రెండు ఖాతాలు ఉండవు

(సైక్లింగ్ చేసే ఉద్యోగుల కోసం హైదరాబాద్‌లోని జోనల్ కార్యాలయంలో ఒక ఆదివారం ఉదయం ఏర్పాటు చేసిన సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



పొద్దున్నే 30 కిలోమీటర్లు తొక్కి వచ్చి, ఇడ్లీలు తిని కూర్చున్నారు. ఇప్పుడు ప్రసంగమంటే ఎవరికైనా నిద్రే వస్తుంది. అందుకని ముందు ఒక చిన్న పని. కుడి చెయ్యి ముందుకు చాచండి, అరచెయ్యి నేలవైపు పెట్టి మణికట్టు పైకెత్తండి. పక్కనున్నవారిని ఆ చేతి వెనుకభాగం మీద కిందికి నొక్కమనండి. మీరు లొంగకండి. మోచేతి బయటివైపు ఎముక దగ్గర చురుక్కుమన్నవాళ్లు చెయ్యెత్తండి. వద్దులెండి, ఎత్తితే ఇంకా నొప్పి. ఎవరెవరు ముఖం చిట్లించారో చూశాను. నలుగురు.

రెండేళ్ల కిందట నేనూ అలాగే చిట్లించాను. షుగర్ సరిహద్దులో ఉందని డాక్టరు హెచ్చరిస్తే సైకిల్ కొన్నాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కింద 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో వచ్చింది కదా, అక్కడే మొదలుపెట్టాను. ఆరు నెలలకే 200 కిలోమీటర్ల బీఆర్ఎం మీద మనసు పడింది. పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి. మనకు టార్గెట్ అంటే తెలుసు కాబట్టి వారానికి 60 కిలోమీటర్లు తొక్కేవాణ్ణి ఆరు వారాల్లో 180కి తీసుకెళ్లాను. దానికి తోడు కొత్త రోడ్ బైకు. నాకు మీడియం ఫ్రేము సరిపోతుంది, లార్జ్ మీద డిస్కౌంటు ఉంది. ఏది కొన్నానో వేరే చెప్పాలా?

మొదట తొక్కి వచ్చాక ఒక గంట నొప్పి ఉండేది. తర్వాత తొక్కుతుండగానే వచ్చేది. తర్వాత బకెట్ ఎత్తలేకపోయాను. మన భాషలో చెప్పాలంటే 30 రోజుల్లోపు బకాయి ఎస్ఎంఏ-0, 60 వరకు ఎస్ఎంఏ-1, 90 వరకు ఎస్ఎంఏ-2, ఆపైన ఎన్‌పీఏ. రుణఖాతాల్లో ఈ సంకేతాలు చూడలేదని కింది ఆఫీసర్లకు మెమోలు ఇచ్చినవాణ్ణి, నా మోచెయ్యి మూడు దశలూ దాటుతుంటే స్ప్రే కొట్టుకుని తిరిగాను.

దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారు. ఆ పేరు 1883 నాటిది. కానీ అంతకు పదేళ్ల ముందే, 1873లో, రుంగె అనే జర్మన్ వైద్యుడు ఇలాంటి నొప్పిని వర్ణించాడు. ఆయన చూసింది ఆటగాళ్లను కాదు, రాతపని వల్ల బాధపడేవాళ్లను! అంటే ఈ జబ్బు మీద ఆటగాళ్లకంటే గుమాస్తాలకే ముందు హక్కు.

జరిగేది ఏమిటంటే, మణికట్టును పైకెత్తే కండరాలను ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి టెండన్ అరుగుతుంది. ఎక్కువమందికి 35 నుంచి 55 ఏళ్ల మధ్య వస్తుంది. ఒక్క దెబ్బతో వచ్చేది కాదు. చిన్న చిన్న చిరుగులు బాగుపడే లోపే మళ్లీ పని పడుతుంది. టెండన్‌కు రక్తసరఫరా తక్కువ, కండరం వారంలో అలవాటుపడే బరువుకు దానికి నెలలు పడుతుంది. నా ఊపిరి 180 కిలోమీటర్లకు సిద్ధమైంది, టెండన్ కాలేదు.

నేను స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నాను. వారంలో నొప్పి మాయం! డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నారు, నేను 100 కిలోమీటర్లు తొక్కాను. రెండు నెలలకు మొదటికంటే ఎక్కువగా తిరిగొచ్చింది. తర్వాత చదివితే తెలిసింది. ఆస్ట్రేలియాలో 165 మంది మీద చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో, స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో సగానికి పైగా ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో అలా జరిగింది నూటికి పన్నెండు మందికే.

చివరికి ఒక ఫిజియోథెరపిస్టు నన్ను సైకిల్‌తో సహా రమ్మన్నారు. స్టాండు మీద పెట్టి తొక్కమని, పక్క నుంచి ఫోటో తీసి చూపించారు. మోచేతులు కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. ఫ్రేము పెద్దది కావడంతో హ్యాండిల్ అందుకోవడానికి సాగిపోయాను. పైగా సీటు ముక్కు కిందికి వంగి ఉండటంతో ఒళ్లంతా ముందుకు జారి చేతుల మీద పడుతోంది. మోచెయ్యి కొంచెం వంగి ఉంటే స్ప్రింగులా పనిచేస్తుంది, బిగిస్తే రోడ్డు మీది ప్రతి గతుకూ నేరుగా ఆ టెండన్‌కే చేరుతుంది. భయంతో హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటే ఇంకా అన్యాయం. స్టెమ్ 110 మిల్లీమీటర్ల నుంచి 80కి మార్పించారు, సీటు సమం చేయించారు, హ్యాండిల్‌కు మందపాటి టేపు, టైర్లలో గాలి కాస్త తక్కువ. ఖర్చు ఇంజెక్షన్ కంటే తక్కువే అయింది. పది నిమిషాలకోసారి పట్టు మార్చాలన్నారు. పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలట.

ఇక్కడ ఒక మాట. ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కితే అది మోచేతి టెండన్ కాదు, అరచేతి దగ్గర నరం మీద ఒత్తిడి. రెండింటినీ కలిపేయకండి, తిమ్మిరి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఇక మోకాళ్లు. నిమిషానికి 80 తిప్పులంటే గంటకు 4,800, సీటు కొంచెం కిందికి ఉన్నా మోకాలి ముందుభాగం అన్నిసార్లూ లెక్క కడుతుంది. నడుము నొప్పి మనకే అనుకోకండి. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 109 మంది ప్రొఫెషనల్ సైక్లిస్టులను అడిగితే సగానికి పైగా అంతకుముందు ఏడాదిలో నడుము నొప్పి పడ్డామన్నారు.

వ్యాయామం సులువు. ముంజేతిని బల్ల మీద ఆనించి, చెయ్యి అంచు బయటికి వేలాడేలా, అరచెయ్యి కిందికి ఉండేలా పెట్టండి. అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని, రెండో చేత్తో పైకెత్తి, నాలుగు లెక్కపెడుతూ మెల్లగా దించండి. 15 సార్లు, మూడు విడతలు. కొద్దిగా నొప్పి పరవాలేదు, మర్నాడు పొద్దున పెరిగితే బరువు తగ్గించండి. నాకు మూడు నెలలకు ఫలితం తెలిసింది.

అన్నీ అయ్యాక ఆయన అడిగారు, "సైకిల్ రోజుకు గంటన్నర. మిగతా టైములో ఆ చెయ్యి ఏం చేస్తుంది?" మౌసు. ల్యాప్‌టాప్ బ్యాగు. సంతకాలు. మోచేతికి రెండు ఖాతాలు ఉండవు, అంతా ఒకే ఖాతాలో డెబిట్ పడుతుంది.

ఇప్పుడు నాకు చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న విషయం. అప్పుడు నేను బ్రాంచి మేనేజర్ని. స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఒకటి నాదగ్గర, ఒకటి మా హెడ్ క్యాషియర్ మేడమ్ దగ్గర ఉండేవి. ఒక పొద్దున నా తాళం తిరగలేదు. అంటే తాళం బాగానే ఉంది, నా చెయ్యే తిరగలేదు. ఆవిడ ఎడమ చేత్తో తన తాళం తిప్పుతూ నవ్వారు. "నాకు ఎనిమిది నెలలుగా ఇదే సార్" అన్నారు.

నాకు గుర్తొచ్చింది. ఆవిడ రెండుసార్లు చెప్పారు, కౌంటర్ ఎత్తుగా ఉందని, మోచెయ్యి లాగుతోందని. "మార్చి క్లోజింగ్ అయ్యాక చూద్దాం మేడమ్" అన్నాను. మార్చి వెళ్లింది. ఆవిడకు సైకిలే రాదు. నోట్ల కట్టలు, కాగితం బ్యాండ్లు, స్టాంపు, చిల్లర సంచులు, ఇంటికెళ్లాక చపాతీ పిండి. "మీకు నొప్పొస్తే సైకిల్ ఆపేశారు సార్. నేను దేన్ని ఆపను?" అన్నారు, కోపంగా కాదు, మామూలుగానే.

ఆ వారమే నోట్లు లెక్కించే మెషీన్‌ను తక్కువ ఎత్తు బల్ల మీదికి మార్చాం. చిల్లర సంచులు ఎత్తే పని ఆవిడకు తీసేశాం. మధ్యాహ్నాలు రోజు విడిచి రోజు డిపాజిట్ల సీటుకు పంపాను. నేను నేర్చుకున్న నీళ్ల సీసా వ్యాయామం లంచ్ టైములో ఇద్దరం చేసేవాళ్లం, స్టాఫ్ అంతా నవ్వుకునేవాళ్లు. నాకంటే ఆవిడకే ఆలస్యంగా తగ్గింది. పండగల ముందు రద్దీ వారాల్లో ఇప్పటికీ పట్టీ వేసుకుంటారట.

నేను 200 ఇంకా పూర్తి చెయ్యలేదు. వారానికి 110 దగ్గర ఉన్నాను, వచ్చే శీతాకాలం చూడాలి. మీ బ్రాంచిలో ఎవరైనా ఎడమ చేత్తో టీ కప్పు ఎత్తుతుంటే మాత్రం ఒకసారి అడగండి.

కింద పార్కింగ్‌లో ఎలెన్ కీల సెట్టు, టేపు పెట్టాను. టీ తాగి మీ సైకిళ్లు తీసుకురండి, సీట్లు, హ్యాండిళ్లు చూద్దాం. ఇందాక ముఖం చిట్లించిన నలుగురూ ముందు రండి.