గాలి పేర్చిన మంచు
(జనగామ పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



జనగామలో మంచుకొండలనుగూర్చి మాటాడుట కొందరికి వింతగా తోచవచ్చును. ఎండకు బండలు పగులు సీమ మనది. మంచన్నచో మనకు మాఘమాసపు ప్రొద్దున పైరులపై మెరయు బిందువులే. అయినను ఈ విషయము మనకు దూరమైనది కాదు. ఇక్కడ హైదరాబాదు రైలెక్కిన, ఆలేరు దాటిన పిమ్మట భువనగిరి కొండ కానవచ్చును. ఆ రాతిపై ఎక్కుట నేర్చిన ఇరువురు పేదబిడ్డలు, నిజామాబాదు జిల్లా మాలావత్ పూర్ణయు ఖమ్మము జిల్లా సాధనపల్లి ఆనందకుమారును, 2014 మే 25న టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరమును చేరిరి. పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు నిండలేదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచుగోడ విరిగిపడగా మదరాసు రెజిమెంటుకు చెందిన 10 మంది సైనికులు అసువులు బాసిరి. ఆ వీరులలో కర్నూలు జిల్లా ముస్తాక్ అహ్మదు ఒకరు. మన బిడ్డలు పోవు చోటి స్వభావమును మనమెరుగకుండుట తగునా?

మంచుచరియలు పలువిధములు. వానిలో మిక్కిలి మోసకారి గాలి పేర్చిన పలక. దాని పుట్టుకను తెలియుటకు మన కల్లమునకు పోవుదము. రైతు చేటనెత్తి తూర్పారబట్టునప్పుడు గాలి పొట్టును ఎత్తుకొనిపోయి ఆవలిపక్క కుప్పవేయును. కొండవెన్నుపై గాలి చేయు పనియు నిదియే. ఎదురుపక్క మంచును ఊడ్చి, మరుగుపక్క వాలుపై పోగుచేయును. ఆకసమునుండి కురియుదానికంటె 10 రెట్లు వేగముగ నిట్లు పేర్చగలదు. కావున నీలాకాశము క్రిందనే, ఒక్క రేణువైనను కురియకయే, గండము సిద్ధము కావచ్చును. దొర్లుచు వచ్చిన స్ఫటికములు కొనలు విరిగి, నూకయై, దట్టముగా అతుకుకొని గట్టిపలకయగును.

పైన గట్టిగా నున్నదని క్రిందిదానిని నమ్మరాదు. ఇంకుచున్న చెరువులో పైపెచ్చు గట్టిపడి అడుగున బురద దాగియుండుట మన పిల్లలకును తెలియును. అట్లే పలకక్రింద చక్కెరపలుకులవంటి విడివిడి రేణువుల పొర యుండవచ్చును. ఒక్క మనుష్యుని అడుగు బరువు చాలును. పలక పగిలి, వాలు వాలంతయు జారును. 30 మొదలు 45 డిగ్రీల వాలు దీనికి నెలవు; మన ధాన్యపురాశి వాలు ఇంచుమించు అంతయే. ఇట్టి పలకలలో చిక్కుకొన్న విహారులలో అధికులు తాము గాని తమ తోడివారు గాని త్రొక్కినదానికే బలియైరని పాశ్చాత్య దేశముల లెక్కలు చెప్పుచున్నవి.

కొండ ముందుగా హెచ్చరింపకపోదు. వెన్నునుండి మంచు ఇంటిచూరువలె ఎటు వ్రేలాడునో అటు పలక యుండునని గ్రహింపవలెను. అడుగుక్రింద డోలువలె బోలుధ్వని వచ్చినను, ‘ధుమ్’మని మంచు కుంగినను, పాదమునుండి పగులు పారినను వెనుదిరుగవలెను. అనుమానపు వాలును దాటక తప్పనిచో ఒక్కొక్కరే దాటవలెను. తక్కినవారు భద్రమైన చోట నిలిచి చూచుచుండవలెను. కప్పబడినవానిని 15 నిమిషములలోపల త్రవ్వితీసిన బ్రదుకుటకు అవకాశము మెండు. అరగంట దాటిన ఆశ సన్నగిల్లును. క్రిందినుండి సాయము వచ్చునంతవరకు ప్రాణము నిలువదు. కావున జాడతెలుపు రేడియో యంత్రము, గ్రుచ్చిచూచు పొడవాటి కడ్డీ, పార ప్రతివానియొద్ద నుండవలెను.

‘ధైర్యము చాలదా?’ యని అడుగుదురేమో. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశి జిల్లాలో ద్రౌపదీ కా డాండా శిఖరముకడ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణబృందము మంచుచరియలో చిక్కెను. 27 మంది మృతదేహములు వెలికితీయబడినవి. వారిలో అదే యేట ఎవరెస్టు నెక్కివచ్చిన శిక్షకురాలును ఉండెను. నేర్చినవారికే ఇట్లైన, సెలవులలో పోవు మన యువకుల మాట యేమి? భువనగిరి రాయి పట్టును నేర్పును. మంచును చదువుటను నేర్పజాలదు. మంచును పరిశోధించుటకు 1969లో మనాలిలో నెలకొల్పబడిన సంస్థ నేడు వేరుపేరున చండీగఢునుండి హెచ్చరికలు వెలువరించుచున్నది. వానిని చదువుట ఎట్లో తెలుపు చిన్నపుస్తకము తెలుగున ప్రతి పఠనమందిరమునను ఉండవలదా?

తుదకొక్క మాట. మనము చందాలెత్తి, పూలమాలలు వేసి, బాజాలతో యువకుని సాగనంపుదుము. శిఖరముపై పతాకమెత్తిన ఛాయాపటము తెచ్చిన ఊరేగింతుము. తేనిచో ముఖము త్రిప్పుకొందుము. ఆ యువకుడు పలకయంచున నిలిచి సందేహించు క్షణమున వాని చెవిలో మ్రోగునది మన బాజాలే కదా! వాని వెనుక నిలిచి ముందుకు త్రోయుచున్నది మనమే. కావున మాలలు మరి కొన్ని దాచియుంచుడు. వాలును చూచి, గాలిని తెలిసి, శిఖరమును విడిచి బ్రదికి వచ్చిన బిడ్డకు జనగామ స్టేషనులోనే వానిని వేయుడు. పతాకమును రేపు మోయుటకు ఆ భుజములు మనకు కావలెను.