చెవికి రెస్టోరేషన్ లేదు

(చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంత పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకోవలసిన సభలో తుపాకుల ప్రస్తావన ఏమిటని మీరు అనుకోవచ్చు. జీవితమంతా రెవెన్యూ ఆఫీసులో కలం పట్టిన గుమస్తాకు తుపాకి సంగతి ఏం తెలుసని నవ్వుకోవచ్చు కూడా. కాని నాకు పాతికేళ్లపాటు ఆదివారాలు రైఫిలు కాల్చే సరదా ఉండేది. ఆ సరదాకు నేను చెల్లించిన మూల్యం నా ఎడమ చెవి. నాలాంటి పొరపాటు మన పిల్లలు చేయకూడదని ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

కాలేజీలో ఎన్.సి.సి.లో ఉండగా మొదటిసారి త్రీనాట్‌త్రీ రైఫిలు కాల్చాను. చెవులకు ఏ రక్షణా లేదు. కొందరు దూది పెట్టుకున్నారు. నాకు సాయంత్రం దాకా చెవుల్లో గుయ్యిమని ఒకటే మోత. మర్నాటికి తగ్గింది. తగ్గింది కదా, ఏమీ కాలేదనుకున్నాను. తగ్గింది మోత మాత్రమేననీ, లోపల తగిలిన దెబ్బ అలాగే ఉండవచ్చుననీ ఆనాడు చెప్పినవారు లేరు.

1985లో మండలాలు రాకముందు చేవెళ్ల తాలూకా ఆఫీసులో పనిచేశాను. పంటరక్షణకు తుపాకి కావాలనే రైతుల దరఖాస్తులు నా సీటు మీదుగానే వెళ్లేవి. అడవి పందులు పంటను తొక్కేస్తున్నాయని రాసేవారు. వాళ్లలో ముసలివాళ్లతో గట్టిగా అరిస్తేగాని మాట సాగేది కాదు. వయసు మీరిందనుకునేవాణ్ణి. తుపాకి వల్ల కూడా కావచ్చునని ఒక్కసారీ తోచలేదు. తర్వాత పట్నంలో ఒక క్లబ్బులో చేరి పాయింట్ టూటూ రైఫిలు, అప్పుడప్పుడు పన్నెండు బోరు తుపాకి కాల్చేవాణ్ణి. చెవులకు ఏమైనా పెట్టుకుందామంటే అక్కడి సీనియరు ఒకాయన, “ఈమాత్రం మోతకే భయమా?” అని నవ్వాడు. ఆ నవ్వుకు సిగ్గుపడి మానుకున్నాను.

అయిదేళ్ల కిందట ఒక ఉదయం నా భార్య పెరట్లో బావి దగ్గర జారిపడింది. మణికట్టు విరిగింది. “ఏమండీ, ఏమండీ” అని పిలిచిందట. నేను ముందు వరండాలో పేపరు చదువుకుంటున్నాను. పక్కింటి కోడలు విని, గోడ దాటి వచ్చి లేపింది. వాళ్లిద్దరూ వచ్చి నా ఎదుట నిలబడేదాకా నాకు తెలియదు. మా ఆవిడ ఆ మాట మళ్లీ ఏనాడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు బరువయింది.

ఆ వారమే చెవి డాక్టరు దగ్గరకు వెళ్లాను. పరీక్ష చేసి, గ్రాఫు కాగితం చూసి, “మీరు తుపాకి కాల్చేవారా?” అని అడిగారు. నేను ఆశ్చర్యపోయాను. ఆయన గీత చూపించారు. 4000 హెర్ట్జ్ దగ్గర లోయలాగా పడిపోయింది. పెద్ద మోతల దెబ్బ తరచుగా అలాగే కనబడుతుందట. పైగా నాకు కుడికంటే ఎడమ చెవి ఎక్కువ దెబ్బతింది. కుడి భుజానికి ఆనించి కాల్చేవాడి ఎడమ చెవి గొట్టం మూతివైపు ఉంటుంది. కుడి చెవికి తల కొంత అడ్డు.

లోపలి చెవిలో ధ్వనిని పట్టే వెంట్రుకల్లాంటి కణాలు ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 ఉంటాయి. చచ్చిపోయినవి మళ్లీ మొలవవు. మనం కమ్యూట్ చేసిన పెన్షను పదిహేనేళ్లకు రెస్టోర్ అవుతుంది. చెవికి ఆ జీ.వో. లేదు. ముందుగా పోయేవి సన్నని ధ్వనులు. స, శ, త, క వంటి హల్లులు జారిపోతాయి. మాట వినబడుతుంది, అర్థం కాదు. మనమలు, మనవరాళ్ల గొంతులే ముందు దూరమవుతాయి.

రోజుకు 8 గంటలు వినదగిన హద్దు 85 డెసిబెల్స్. అది 3 పెరిగిన కొద్దీ వ్యవధి సగమవుతుంది. తుపాకి మోతకు ఆ లెక్క కూడా చాలదు. ఒక్క క్షణమే అయినా 140 దాటిన మోత ఒక్కసారికే హాని చేయగలదు. పాయింట్ టూటూ రైఫిలు ఆ హద్దు దగ్గర ఉంటుంది. పన్నెండు బోరు, త్రీనాట్‌త్రీ దానికి చాలా పైన. ఎయిర్ రైఫిలు మోత బాగా తక్కువే అయినా, మూసిన హాల్లో పదిమంది కాలుస్తుంటే చెవులు కప్పుకోవడం మంచిది.

ఏం చేయాలంటే, దూదిని నమ్మవద్దు. అది మోతను ఆపదు. స్పాంజి బిళ్లను సన్నగా నులిమి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టి ఉంచాలి. సగం బయట ఉంటే సగం రక్షణ కూడా లేదు. దానిపైన చెవి డొప్పలు పెట్టుకోవాలి. పెద్ద తుపాకులకు రెండూ కావాలి. కళ్లజోడు కాడలు మందంగా ఉంటే డొప్ప సందులోంచి మోత దూరుతుంది. మన వంతు అయిపోయిందని తీసేయకూడదు. పక్కవాడు కాల్చేదీ మన చెవికే తగులుతుంది. ఏటా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

కాల్చాక చెవి దిబ్బడేసినా, మోత తగ్గకపోయినా వెల్లుల్లి నూనె పోసుకుని కూర్చోవద్దు. ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరుకు చూపించాలి. ఆలస్యమైతే మందు పనిచేసే అవకాశం తగ్గుతుంది. మనకు కోఠీలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. చెవి మిషనుకు సిగ్గుపడవద్దు. మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం సరిదిద్దుకోగల 14 కారణాల్లో వినికిడి లోపాన్ని కూడా లాన్సెట్ కమిషను 2024లో చేర్చింది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ ఎయిర్ రైఫిలులో కాంస్యం తెచ్చాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈషా సింగ్ పతకాలు తెచ్చింది. వాళ్లను చూసి మన పిల్లలు రేంజీలకు వెళుతున్నారు. మా మనవరాలూ పిస్టలు నేర్చుకుంటోంది. చేరిన రోజునే నా పెన్షనులోంచి మంచి డొప్పలు కొనిచ్చాను. “బరువుగా ఉన్నాయి తాతా” అంది. నా గ్రాఫు కాగితం చేతికిచ్చి ఆ లోయ చూపించాను. తర్వాత ఏనాడూ తీయలేదు.

షూటింగు మానమని నేను అనడం లేదు. మంచి ఆట. చెయ్యి, మనసు నిలకడగా ఉంచుతుంది. చెవులు కప్పుకుని ఆడమంటున్నాను. దీపావళి బాంబులు కాల్చే మనమలకు, డీజే పెట్టె ముందు గంతులేసే పెళ్లివారికి, పందులను బెదిరించడానికి పైపులో కార్బైడు పేల్చే రైతులకు కూడా ఇదే మాట.

ఇప్పుడు నాకు మిషను ఉంది. పాత చెవి తిరిగి రాలేదు గాని, పెరట్లోంచి “ఏమండీ” అంటే వరండాలో లేచి నిలబడగలుగుతున్నాను.