హాజరు పట్టీలో పేరు లేని కార్మికులు

(మే డే సందర్భంగా సికింద్రాబాద్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన నగరంలోని బోయిగూడలో 2022 మార్చి 23 తెల్లవారుజామున ఒక తుక్కు గోదాము అంటుకుంది. పై అంతస్తులో పన్నెండు మంది బీహారు కార్మికులు నిద్రిస్తున్నారు. కిందికి దిగడానికి ఉన్నది ఒక్కటే మెట్ల దారి. అది మంటల్లోకే దిగుతుంది. దూకి బయటపడినవాడు ఒక్కడు, మరణించినవారు పదకొండు మంది. గది అద్దె కట్టుకోలేని కూలికి పనిచేసే చోటే పడక అవుతుంది.

ఏడాది తిరగకముందే, 2023 జనవరిలో మినిస్టర్ రోడ్డు భవనంలో చెలరేగిన మంటల్లో గుజరాత్ నుండి వచ్చిన ముగ్గురు కార్మికులు చిక్కుకొని తిరిగి రాలేదు. అదే ఏడు మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక కన్నుమూశారు. వారు ఉపాధి కోసం జిల్లాల నుండి వచ్చిన బిడ్డలు.

ప్రతిసారీ నష్టపరిహారం ప్రకటిస్తారు, తనిఖీలు చేస్తామంటారు, కొన్నాళ్లకు అందరూ మరచిపోతారు. ఇది మన దేశానికే పరిమితమైన వ్యాధి కాదు. 2012లో కరాచీ బట్టల ఫ్యాక్టరీలో బయటికి దారి లేక 250 మందికి పైగా కాలిపోయారు. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా మరణించారు. ఆ తరువాతే అక్కడి కార్మిక సంఘాలు విదేశీ బట్టల కంపెనీలను చట్టబద్ధమైన భద్రతా ఒప్పందానికి ఒప్పించగలిగాయి. అంతమంది చనిపోయాక గాని కదలిక రాలేదు.

ఇప్పుడు మన ఇంటి మాట చెప్పుకోవాలి. చేదుగా ఉన్నా చెప్పుకోవాలి. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుండి పోలీసులు రెండు వందల మందికి పైగా పిల్లలను బయటికి తెచ్చారు. ఎక్కువమంది బీహారు నుండి తెచ్చినవారు. గాలి ఆడని గదుల్లో పగలంతా లక్క గాజులకు రాళ్లు అతికించిన పిల్లలు వారు. ఆ గాజులు మన పెళ్లిళ్లలో మన ఆడబిడ్డలు తొడుక్కున్నవే. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ గాజులు చేసే మనిషికి మాత్రం నేటికీ గుర్తింపు కార్డు లేదు.

కార్ఖానాదారులు మాతో అంటుంటారు: "మేమూ చిన్నప్పుడు ఇలాగే పని నేర్చుకున్నాం. పిల్లవాడి తండ్రికి అడ్వాన్సు ఇచ్చాం. వ్యాపారి ఇచ్చే ధరలో ఇంతకంటే కూలి ఎక్కడి నుండి తేవాలి?" మూడో మాటలో నిజముంది. ధర నిర్ణయించేది పై వ్యాపారి, బేరమాడేది మనం. ఆ పాపంలో మనకూ వాటా ఉంది. మొదటి రెండు మాటలను మాత్రం అంగీకరించలేము. పద్నాలుగేళ్లలోపు బిడ్డను కార్ఖానాలో పెట్టడం నేరం. అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టిపడేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునే పని బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో తీర్పు చెప్పింది.

మేము గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాళ్లం. కాగితం విలువ మాకు తెలుసు. ఎంత కష్టం జరిగినా, పట్టీలో పేరు లేని మనిషి దరఖాస్తు ఏ బల్ల మీదా కదలదు. "ఇతడు మీ దగ్గర పనిచేశాడనడానికి రుజువేది?" అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోతుంది. విద్యుత్తుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ చట్టం వర్తించేది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఆ సంఖ్యను ఇరవైకి పెంచాయి. చిన్న కార్ఖానాలు మరింతగా చట్టం కంటికి దూరమయ్యాయి. ఇంట్లో కూర్చుని జర్దోజీ కుట్టే మన అక్కచెల్లెళ్లయితే ఏ లెక్కలోనూ లేరు.

శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమని మన ప్రవక్త (స) బోధించారు. పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగవేసినవానిపై ప్రళయదినాన అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడని హెచ్చరించారు. జుమా ప్రసంగంలో ఈ మాటలు వింటూనే ఉన్నాం. శనివారం కూలి పంచే వేళ గుర్తుంచుకుంటున్నామా?

మా విన్నపాలు నాలుగు. మొదటిది, ఒక్క మనిషి పనిచేసినా పేరు, ఊరు, కూలి, తేదీ పుస్తకంలో రాయండి, రాసిన చీటీ ఒకటి అతనికీ ఇవ్వండి. రెండవది, సరుకు పైన మనుషులను పడుకోబెట్టకండి, బయట తాళం వేయకండి, రెండో దారి లేని గదిలో పని పెట్టకండి. మూడవది, పిల్లవాడు పనిలో కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. మనవాడి కార్ఖానా కదా అని మౌనం వహించకండి. నాలుగవది, ప్రతి మస్జిద్ కమిటీ కూలి బకాయిల తగాదాలు వినడానికి వారంలో ఒక పూట కేటాయించాలి. అక్కడ కూలివాడు బీహారీయా, హిందువా, ముస్లిమా అని అడగకూడదు. అన్యాయం జరిగినప్పుడు ప్రభుత్వాన్ని న్యాయం అడిగే మనం, మన కింద ఉన్నవారికి అదే న్యాయం చేయకపోతే మన మాటకు బలమెక్కడిది?

వచ్చే జుమాలోపు ప్రతి కమిటీ నుండి ఇద్దరు రాత్రి పది దాటాక తమ బస్తీలో నడిచి, మూసిన షట్టర్ల వెనుక ఎందరు నిద్రిస్తున్నారో లెక్కరాసి తీసుకురావాలని కోరుతున్నాం. ఆ లెక్కతోనే కార్మిక శాఖకు, అగ్నిమాపక శాఖకు అర్జీ పెడదాం. పేర్లు రాసే పని మాకు వదిలేయండి, జీవితమంతా చేసిన పనే అది.

అల్లాహ్ మనకు న్యాయంగా నడిచే శక్తిని ప్రసాదించుగాక. వస్సలాము అలైకుం.