పందెపు చక్రమునకు ఇనుప పీఠము



ఉక్కునే నమ్ముకొని బ్రతుకుచున్న భిలాయి పట్టణమున నిలిచి, నాలుగు ఇనుప గొట్టములను అతికించి ఒక పీఠమును చేసికొను విధానమును గూర్చి ప్రసంగింపబూనుట హనుమంతుని ముందర కుప్పిగంతులు వేయుటయే యగునని నేనెరుగుదును. 1955వ సంవత్సరమున ఇచ్చటి ఉక్కు కర్మాగారమునకై సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన కాలము మొదలుకొని, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పనికై వచ్చి ఇచ్చటనే స్థిరపడిన తెలుగు కుటుంబములలో వెల్డింగు నిప్పురవ్వ నెరుగని ఇల్లు అరుదు. అయినను, ఆ యిండ్లలోని నేటి కుర్రవాండ్రు కోరుచున్న వస్తువొకటి, వారి తాతలు ఎన్నడును చేసి యెరుగనిది యున్నది. అదియే కంప్యూటరు మీద కారు పందెములాడు స్టీరింగును నిలుపుటకు కావలసిన స్టాండు.

ఈ ఆట సంగతి తెలియని పెద్దలకొక మాట. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేను సాగరపుటొడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెము జరిగినప్పుడు మనవారు పలువురు చూచియుందురు. అటువంటి పందెములను తెరమీద యథాతథముగ చూపించు ఆటలు నేడు కలవు. వానిని వేళ్ళతో మీటలు నొక్కి గాక, నిజమైన స్టీరింగు వంటి చక్రమును త్రిప్పుచు, కాళ్ళతో యాక్సిలరేటరును బ్రేకును క్లచ్చును త్రొక్కుచు ఆడుటయే అందలి రుచి. 2020వ సంవత్సరమున కరోనా మూలమున పందెములు నిలిచిపోయినప్పుడు, ఫార్ములా వన్ చోదకులే కొందరు తమ తమ యిండ్ల గదులలో ఇట్టి చక్రముల ముందు కూర్చుండి లోకమునకు వినోదము కల్పించిరి. కనుక ఇది పిల్లచేష్టయని త్రోసివేయదగినది కాదు. ఐ.ఐ.టి. కోచింగులకు పేరుమోసిన యీ ఊరిలో తలిదండ్రులు ఈ ప్రస్తావన వినగానే కనుబొమలు ముడివేయుదురని నాకు తెలియును. కాని మూలమట్టము పట్టి, కొలతలు వ్రాసికొని, బలములు ఎటునుండి ఎటు ప్రవహించునో ఆలోచించి ఒక వస్తువును నిలబెట్టిన కుర్రవాడు ఆ వారమున చదువు మానినాడని నేనొప్పుకొనను.

చక్రమును కొనుటకే చేతి డబ్బు చాలవరకు వ్యయమగును. ఆ మీదట విదేశీ కంపెనీల స్టాండు కొనవలెనన్న మరి కొన్ని వేలు కావలెను. అందుచేత పెక్కుమంది ఆ చక్రమును చదువుకొను బల్లకు క్లాంపులతో బిగించి, పెడళ్ళను నేలమీద పెట్టి, చక్రముల కుర్చీలో కూర్చుండి ఆట మొదలుపెట్టుదురు. మొదటి మలుపు వచ్చును. బ్రేకు గట్టిగ త్రొక్కుదురు. పెడళ్ళు ముందుకు జారి గోడక్రిందికి పోవును, కుర్చీ వెనుకకు దొర్లి మంచమును తాకును. దానితో వారు, బల్ల బలము చాలలేదనియు, చక్రమునకు గట్టి స్టాండు కావలెననియు నిశ్చయించి, చక్రము పట్టు భాగమును మాత్రమే అంగుళము మందము గల ఇనుముతోనైన చేయింప సిద్ధపడుదురు.

ఇచ్చటనే నాకు వారితో భేదాభిప్రాయము. ఉదాహరణకు 2015లో వెలువడి నేటికిని మన దేశమున విరివిగ కనబడు లాజిటెక్ జి29 అను చక్రమును తీసికొందము. దాని లోపలి మోటారు మన చేతికి ఎదురుతిరిగి కలిగించు మెలిబలము రెండు న్యూటన్ మీటర్లకు కొంచెము పైమాట. చక్రము వ్యాసము సుమారు 28 సెంటీమీటర్లు గనుక, అంచువద్ద అది ఒకటిన్నర కిలోల బరువు లాగినంత మాత్రమే. ఇక కాలి సంగతి చూడుడు: ఆ పెడళ్ళలో బ్రేకు వెనుక గట్టి రబ్బరు దిమ్మ యొకటి అమర్చబడియున్నది; దానిని కడవరకు నొక్కుటకు కాలు ప్రయోగించు బలము చేతి బలమునకు ఎన్నో రెట్లు. ఇరువది ముప్పది కిలోల త్రోపును మనిషి కాలు ఆయాసము లేకుండ ఈయగలదు. పెడళ్ళ అడుగున తివాచీని పట్టుకొను పండ్ల వంటి ఏర్పాటున్నను, మన క్వార్టర్ల సిమెంటు నేలమీదను టైల్సుమీదను అది నిరుపయోగము. కాబట్టి స్టాండు చేయువాడు మొదట జయింపవలసినది చేతిని గాదు, కాలిని.

కాలి త్రోపును నేలకప్పగించి నేల పట్టునని ఆశించుట వ్యర్థము. ఆ త్రోపు పెడలును ముందుకు నెట్టుచుండగా, అంతే బలము మన నడుమును, దానితో కుర్చీని, వెనుకకు నెట్టుచున్నది. ఈ రెండు త్రోపులను ఒకదానితో నొకటి ముడివైచినచో అవి తమలో తామే చెల్లిపోవును. గదికిగాని నేలకుగాని ఆ గొడవయే తెలియదు. మన కర్మాగారములో రైలుపట్టాలను చుట్టు రోలింగు మిల్లును చూచినవారికి ఇది క్రొత్త గాదు. ఎర్రగ కాలిన ఉక్కుదిమ్మ రెండు రోలర్ల నడుమ దూరునప్పుడు ఆ రోలర్లను విడదీయజూచు బలము అత్యంత ఘోరమైనది. అయినను ఆ బలము పునాదికి చేరదు. రోలర్లను చుట్టుముట్టియున్న పోతయుక్కు చట్రము, అటు పైకిని ఇటు క్రిందికిని లాగబడుచు, దానిని తనలోనే దిగమ్రింగును. పునాది మోయునది ముఖ్యముగ యంత్రము బరువును, త్రిప్పుటవలన కలుగు మెలిని మాత్రమే. మన బొమ్మస్టాండునకును ఇదే సూత్రము: కుర్చీయు, పెడళ్ళును, చక్రమును ఒకే చట్రములో చేరవలెను.

అట్లని కుర్చీకి కూడ ఇనుముతో పీఠము కట్టనక్కరలేదు. మంచమునకు అల్లు నవారు నాలుగు మూరలు తీసికొని, కుర్చీ నడిమి కంబమును స్టాండు వెనుక అడ్డగొట్టముతో కలిపి రెండు మూడు చుట్లు బిగించి కట్టుడు. స్టాండు ముందుకు, కుర్చీ వెనుకకు పోజూచునప్పుడు నవారు లాగుకొని రెండింటిని నిలుపును. ఈ యుపాయమునకైన ఖర్చు చెప్పుకొనుటకే సిగ్గుపడవలసినంత స్వల్పము; దీనివలన కలుగు మేలు మిగిలిన ఇనుమంతటివలన కలుగు మేలుకంటె అధికము. ఈ ప్రసంగములో మరేమియు జ్ఞాపకముంచుకొనకపోయినను ఈ నవారును మాత్రము మరువవలదు. అసలు ఇనుప పనియే వలదనుకొనువారు, పాతబడిన బడిబెంచీ యొకటి, అనగా వ్రాతబల్లయు కూర్చుండు పలకయు ఒకే ఇనుప చట్రమున బిగింపబడినది, కబాడీ దుకాణములో దొరకునేమో వెదకుడు. ముందు భాగమున పెడళ్ళకు అడ్డుపట్టె వేసినచో, కావలసిన చట్రము అందు సిద్ధముగనే యుండును. పాత కుట్టుమిషను స్టాండును కూడ కొందరు వాడుదురు. బరువుండుట దాని గుణము, ఎత్తు కొంచెము హెచ్చగుట దోషము. అది పోతయినుము గనుక దానికి వెల్డింగు జోలికి పోక, బోల్టులతోనే పని జరుపుకొనవలెను.

ఇక క్రొత్తగ చేయించుకొనువారి కొరకు. చదరపు ఇనుప గొట్టములు అంగడిలో 20 అడుగుల నిడివిని దొరకును, తూకమునకు అమ్మబడును. 25 మిల్లీమీటర్ల గొట్టము చవుక యని దానివైపు మొగ్గవలదు. ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించి మందము గల ఆ చిన్న గొట్టము మీటరునకు కిలోకు కొంచెము పైన తూగును. రెండు మిల్లీమీటర్ల మందము గల 40 మిల్లీమీటర్ల గొట్టము రెండు కిలోల నాలుగు వందల గ్రాములు తూగును. బరువు రెట్టింపే గాని వంగకుండు బిగువు ఐదు రెట్లు దాటును. గొట్టము బిగువు దాని ఇనుము నడిమిరేఖనుండి ఎంత దూరమున నున్నదనుదానిపై ఆధారపడుటయే ఇందుకు కారణము. కనుక మందము పెంచుటకంటె వెడల్పు పెంచుటలో లాభమెక్కువ. జింకుపూత గల గొట్టమును మాత్రము తీసికొనవలదు. వెల్డింగు వేడికి ఆ పూతనుండి లేచు పొగ ఊపిరితిత్తులకు హానికరము.

మరియొక మాట సంకోచము లేక చెప్పవలసియున్నది. ప్లాంటులో పనిచేయు తండ్రిగాని బాబాయిగాని ఉన్నయెడల, లోపల వృథాగ పడియున్న ముక్కలను తెచ్చిపెట్టుమని పిల్లలు మారాము చేయుట కలదు. గేటువద్ద సి.ఐ.ఎస్.ఎఫ్. జవానుల తనిఖీ ఊరకే యేర్పడలేదు. ఊరిలోని సుపేలా పేటలోనో పవర్ హౌస్ పేటవైపుననో పైకమిచ్చి కొన్న గొట్టమే, ఉద్యోగమునకు ముప్పు తెచ్చు ఆ ముక్కకంటె చవుక.

కొలతలు. నేలమీద నిడుపుగ నుండు పట్టాలు రెండు, ఒక్కొక్కటి 80 సెంటీమీటర్లు. వానిని కలుపు అడ్డగొట్టములు మూడు, ఒక్కొక్కటి 50. నిలువు కంబములు రెండు, ఒక్కొక్కటి 60. ఆ కంబముల నడుమునుండి పట్టాల ముందుకొనలకు దిగు ఏటవాలు ఊతలు రెండు, ఒక్కొక్కటి 40. అన్నియు కలిసి 510 సెంటీమీటర్లగును. 20 అడుగుల గొట్టము 610 సెంటీమీటర్లు గనుక, ఒక్క గొట్టముతోనే పని ముగిసి, తలభాగమున పలకను మోయు చిన్న ముక్కలకు కూడ మిగులును. పూర్తియైన చట్రము బరువు పన్నెండు పదమూడు కిలోలు. ఒంటిచేత గోడకు చేరవేయవచ్చును. సెక్టార్ల క్వార్టర్లలో ఒక గదియే పడకకు, చదువునకు, చుట్టాలకు నుపయోగపడు చోట ఇది తక్కువ గుణము కాదు.

అడ్డగొట్టము నిడివి మీ పెడళ్ళ పెట్టెను కొలిచిన పిమ్మటనే నిర్ణయింపుడు. మోకాళ్ళు కంబములకు తగులకుండ లోపలి వెడల్పు చాలవలెను. కంబములపై 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను వేసినచో, దాని ఉపరితలము నేలనుండి సుమారు 66 సెంటీమీటర్లుండును. 45 సెంటీమీటర్ల ఎత్తు గల మామూలు కుర్చీలో కూర్చుండువానికి తొడలమీద చోటు సరిపోవును. కాని కుర్చీలన్నియు ఒక్క ఎత్తున నుండవు. ముందుగ పుస్తకముల దొంతరమీద చక్రమునుంచి, మోచేయి కొంచెము మడతతో హాయిగ నుండు ఎత్తును చూచుకొని, ఆపైననే రంపము పట్టుడు. పలకను ఆడువానివైపు కొంచెము వాల్చుట మేలు. జి29 వంటి చక్రములకు అడుగున ఆరు మిల్లీమీటర్ల బోల్టులు పట్టు మరరంధ్రములు రెండుండును. ప్లాస్టిక్ క్లాంపులను నమ్ముకొనుటకంటె, పలకకు రంధ్రములు చేసి క్రిందినుండి బోల్టులు బిగించుట దృఢము. బోల్టు నిడివి అవసరమునకు మించినచో లోపలి భాగములకు తగులునని మరువవలదు.

వెల్డింగు ఇంటిలో నేర్చుకొను విద్య గాదు. కొలతల ప్రకారము ముక్కలు కోసికొని పోయినచో, ఏ వెల్డింగు షాపులోనైనను గంట రెండు గంటల పని. మొదట ఒక్కొక్క కీలుకు ఒక్కొక్క చుక్క మాత్రమే అతికించుమని అడుగుడు. పిమ్మట అడుగు చట్రము కర్ణములు రెండును టేపుతో కొలువుడు. అవి సమానమైనచో మూలలు సరిగనున్నవి, లేనియెడల సుత్తిదెబ్బతో సవరించుటకు అదియే సమయము. పూర్తిగ అతికిన తరువాత వంకర తీయుట బ్రహ్మకైనను కష్టము. నిలువు కంబములు అడ్డముగ ఊగకుండ ఇంకొక అడ్డగొట్టము వేయుదమన్న మోకాళ్ళకు అడ్డువచ్చును. కాబట్టి కంబము పాదమునను తలయందును త్రిభుజాకారపు రేకుముక్కలు అతికించవలెను. ఈ నాలుగు ముక్కలు లేని స్టాండు, మోటారు చక్రమును అదరగొట్టినప్పుడెల్ల, ఎంత ఇనుము పోసినను తల ఆడించుచునే యుండును. వెల్డింగు వెలుతురును వట్టి కంటితో చూడవలదని ఇంటివద్ద తమ్ములకు చెల్లెండ్రకు గట్టిగ చెప్పుడు.

పెడళ్ళ క్రింద ప్లైవుడ్ ముక్క నొకదానిని, ముందువైపు కొంచెము లేచియుండునట్లు, అడ్డగొట్టములకు బిగించి, పెడళ్ళ పెట్టెను దానికి మరలతో పట్టించుడు. మడమ నేలమీద ఆనునట్లు వాలు చూచుకొనవలెను. మడమ గాలిలో తేలినచో పిక్కలు త్వరలోనే నొప్పెట్టును. ఇంటిలో పొట్టి పొడుగు పిల్లలిద్దరును ఆడుకొనువారైతే, ఈ పలకను ఒకచోట శాశ్వతముగ బిగింపక, పట్టాలమీద వరుసగ రంధ్రములు చేయించి ముందుకు వెనుకకు మార్చుకొనునట్లు ఏర్పాటు చేసికొనుడు. మేడమీది క్వార్టరులో నుండువారు పట్టాల క్రింద పంక్చరు దుకాణములోని పాత ట్యూబు ముక్కలు అతికించినచో, క్రింది వాటావారితో మాటపట్టింపులు రావు.

లోపల మోటారు నిజముగ బలమైన నవీన చక్రములు, ఎనిమిది న్యూటన్ మీటర్లు మొదలుకొని ఆపైన బలము గలవి, కొనదలచినవారికి ఈ చట్రము చాలదు. అప్పుడు కుర్చీని కూడ ఇనుముతోనే కలిపి చేయించుకొనవలెను, నవారుతో సరిపుచ్చుట పొసగదు.

చివరకు రంగు. గ్రైండరుతో అతుకులు నునుపుచేసి, తుప్పు గీకి, రెడ్ ఆక్సైడు ఒక పూత పూసి, అది ఆరిన మరునాడు పైరంగు వేయుడు. బోల్టులకు స్ప్రింగు వాషర్లు తప్పక వేయవలెను. వారము రోజులు ఆడిన తరువాత స్పానరు తీసికొని ప్రతి నట్టును మరల ఒకసారి బిగింపుడు. చక్రము అదురునకు మొదట వదులగునవి పలక క్రిందనున్న ఆ రెండు బోల్టులే.