రక్తము చెప్పిన సాక్ష్యము

వైద్యుడు రోగి మణికట్టు పట్టి నాడి చూచుట మనకందరకును తెలిసినదే. అచ్చట కొట్టుకొను ధమని నుండియే కొంచెము రక్తమును తీసి, అందలి వాయువులను కొలుచు పరీక్ష యొకటి నేడు పెద్ద ఆసుపత్రులలో నిత్యము జరుగుచున్నది. సాధారణ పరీక్షలకు మోచేతి సిర చాలును. దీనికి మాత్రము ఊపిరితిత్తులలో శుద్ధియై గుండెనుండి అప్పుడే వెడలిన రక్తము కావలెను. ఈ పరీక్ష విలువను లోకమునకు తెలిపిన యొక వృత్తాంతమును శ్రోతలకు విన్నవింపదలచితిమి.

1952వ సంవత్సరమున డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగెన్ నగరమును పోలియో వ్యాధి ముట్టడించెను. బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి రోగులు వెల్లువగా వచ్చిరి. శ్వాస కండరములు చచ్చుబడినవారికి ఊపిరి పోయుటకు అచ్చట నున్నవి పెద్ద ఇనుపపెట్టె యంత్రమొకటి, రొమ్మునకు తొడుగు చిన్న యంత్రములారు. మొదటి మూడు వారములలో అట్టి రోగులు 31 మందికి 27 మంది మరణించిరి.

వారి రక్తమున బొగ్గుపులుసు వాయువు మొత్తము మీద హెచ్చుగా కనబడెను. అందులో అధికభాగము బైకార్బొనేటు రూపమున నుండును గనుక, రక్తమునకు క్షారగుణము హెచ్చినదని వైద్యులు తలచిరి. మత్తువైద్యుడగు బ్యోర్న్ ఇబ్సెన్ ఇందుకు సమ్మతింపలేదు. ఊపిరి చాలక, విడువవలసిన వాయువు లోపలనే పేరుకొనుచున్నదని ఆయన వాదించెను. ఆగస్టు 27వ తేదీన పండ్రెండేండ్ల బాలిక గొంతునకు రంధ్రము చేయించి, గొట్టము నమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఆమెకు ఊపిరి పోసెను. బాలిక తేరుకొనెను. ప్రయోగశాలాధిపతియగు ఆస్ట్రప్ రోగుల రక్తపు పి.హెచ్. కొలువగా, అది క్షారము గాక ఆమ్లమేయని తేలెను. పిదప వైద్యవిద్యార్థులు వందలకొలది వచ్చి, రేయింబవళ్లు వంతులవారీగా సంచులు నొక్కిరి. నూటికి ఎనుబదికి పైగా నున్న మరణములు సుమారు నలుబదికి దిగెను.

అంకె యొక్కటే, అర్థములు రెండు. అందుచేతనే వైద్యులు మూడింటిని కలిపి చదువుదురు. మొదటిది పి.హెచ్.; అది 7.35కును 7.45కును నడుమ నుండవలెను. తగ్గినచో ఆమ్లము, హెచ్చినచో క్షారము. రెండవది బొగ్గుపులుసు వాయువు ఒత్తిడి, 35 మొదలు 45 మిల్లీమీటర్ల పాదరసము వరకు. దీనిని పాలించునవి ఊపిరితిత్తులు. మూడవది బైకార్బొనేటు, లీటరునకు 22 మొదలు 26 మిల్లీమోలులు. దీనిని పాలించునవి మూత్రపిండములు.

ఒక రోగికి పి.హెచ్. 7.21, వాయువు 70, బైకార్బొనేటు 27 అనుకొందము. ఊపిరి హఠాత్తుగా చాలకపోయినదని, మూత్రపిండములకు సర్దుకొను వ్యవధి లేదని గ్రహింపవలెను. ఇది ప్రాణాపాయము. వేరొకరికి వాయువు 60, బైకార్బొనేటు 33, పి.హెచ్. 7.36. ఏండ్ల తరబడి పొగత్రాగి ఊపిరితిత్తులు చెడిన వృద్ధునకు ఇట్లుండవచ్చును. మూత్రపిండములు కొన్ని దినములకు క్షారమును నిలువచేసి తూకము సరిచేసినవి. మధుమేహము ముదిరినవారికో, మొదట బైకార్బొనేటు తగ్గును. దేహము ఆయాసముతో వాయువును బయటికి నెట్టి తూకము నిలుపజూచును.

మన యిండ్లకు సంబంధించిన మాట యొకటి కలదు. వేలికి తగిలించు చిన్న యంత్రము రక్తములోని ప్రాణవాయువును మాత్రమే అంచనా వేయును. ప్రాణవాయువు పెట్టియున్న రోగికి ఆ అంకె చక్కగా నుండియే, లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకొనవచ్చును. రోగి మగతగా నుండి, పిలిచినను సరిగా పలుకనిచో, "అంకె బాగుగనే యున్నది, నిద్రపోనిండు" అని యూరకుండరాదు. వెంటనే వైద్యునకు తెలుపవలెను. పాత ఉబ్బసమును, పొగత్రాగు అలవాటును, వాడు మందులను దాచక చెప్పవలెను. రక్తము సాక్ష్యము చెప్పును. ఆ సాక్ష్యమునకు అర్థము తెలియుటకు రోగి పూర్వవృత్తాంతము కావలెను. దానిని చెప్పగలవారు ఇంటివారే.