మౌత్ ఆర్గానుకు ఒక గది

క్రొత్తగా కట్టిన యింటిలో, సామాను చేరకముందు అడుగుపెట్టినవారికి ఒక విషయము అనుభవములో ఉండును. మనము పలికిన మాట గోడకు గోడకు తగులుచు, పలుకుట ముగిసిన పిదప కూడ కొంతసేపు నిలిచియుండును. మంచములు, పరుపులు, బట్టల బీరువాలు, ధాన్యపు బస్తాలు వచ్చి చేరగానే ఆ మ్రోత తగ్గిపోవును. గది మారలేదు, గొంతు మారలేదు. కాని మాట మారినది. ఇట్లు నిలిచియుండు మ్రోతకే ప్రతినాదమని పేరు. బావిలోనికి వంగి పిలిచినపుడు మన పిలుపే మరల వేరుగా వినబడుట ప్రతిధ్వని. ప్రతినాదము అట్టిది కాదు. లెక్కకు మిక్కిలియైన చిన్న ప్రతిధ్వనులు ఒకదానిలో నొకటి కలిసిపోయి, మూలనాదము వెంట నీడవలె సాగుటయే ప్రతినాదము.

1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక ఉపన్యాసశాలలో అధ్యాపకుల మాటలు విద్యార్థులకు బోధపడకుండెను. కారణము కనుగొను పని వాలెస్ సెబైన్ అను యువ అధ్యాపకునికి అప్పగించిరి. ఆయన సమీపములోని నాటకశాలనుండి కుర్చీల మెత్తలు తెప్పించి, కొన్ని కొన్నిగా పరచుచు, ఆర్గాన్ గొట్టపు నాదము ఎంతసేపటికి అణగునో రాత్రివేళ కాలమును కొలిచి చూచెను. మెత్తలు లేనపుడు నాదము సుమారు ఐదున్నర సెకనులు నిలిచెను. ఒక మాట అణగకముందే పది మాటలు వచ్చి దానిపై పడుచుండగా ఎవరికి ఏమి బోధపడును? నాటినుండి గదికిని నాదమునకును గల సంబంధము శాస్త్రవిషయమైనది. సెబైన్ సలహాతో నిర్మించిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరువబడినది.

ఇంత పెద్ద గదుల కథ జేబులో పట్టు మౌత్ ఆర్గానుకు ఏల వలసివచ్చెనో చెప్పుటయే నేటి మా ప్రసంగ విషయము.

మౌత్ ఆర్గానునే హార్మోనికా అనియు అందురు. అమెరికాలో నీగ్రో జాతివారని ఒకప్పుడు పిలువబడిన నల్లజాతి ప్రజల బ్లూస్ సంగీతమున వాడు రకమునకు 10 రంధ్రములు, 20 రీడులు ఉండును. మన హార్మోనియమువలె ఇదియు రీడులతో పలుకునదే. కాని దీనికి వేరే తిత్తి లేదు. వాద్యకుని ఊపిరియే తిత్తి. ఊదినపుడొక స్వరము, పీల్చినపుడు వేరొక స్వరము పలుకును. స్వరమునకు స్వరమునకు నడుమ వినవచ్చు ఆ ఊపిరి, నాలుక చేయు తాటింపు, అరచేతులు మూసి తెరచుటచే కలుగు వణకు, ఇవి కలిసియే ఆ వాద్యమునకు ప్రాణము.

షికాగో నగరపు బ్లూస్ వాద్యకులు దీనికి విద్యుత్తును జోడించిరి. టాక్సీ కార్యాలయముల వంటి చోట్ల మాటలు పంపుటకు వాడు గుండ్రని చిన్న మైకును వాద్యముతోపాటు రెండు చేతులలో బిగించి పట్టి, చిన్న వాల్వు ఆంప్లిఫయరుకు తగిలించి వాయించిరి. వీరిలో అగ్రగణ్యుడు 1930లో లూసియానాలో పుట్టి 1968లో మరణించిన లిటిల్ వాల్టర్. 1952 మే 12న ఆయన రికార్డు చేసిన ‘జూక్’ అను వాద్యఖండము బిల్‌బోర్డు పత్రిక రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఎనిమిది వారములు మొదటి స్థానమున నిలిచెను. చేతులలో మూసిన మైకు వలన నాదము బలిసి, కొంత గరగరలాడి, ఇత్తడి వాద్యమువలె ఘనముగా పలికెను.

అయితే ఈ లాభము వెంట ఒక నష్టము వచ్చినది. చేతుల గుప్పిటలో నున్న మైకునకు గది వినబడదు. దానికి తెలిసినది రీడులును అరచేతులును మాత్రమే. గదియొక్క ప్రతినాదము దానిలో చేరుటకు త్రోవలేదు. కావున మైకు పంపు నాదము ఎంత ఘనమైనను పొడిగా, మూసిన పెట్టెలో పలికినట్లుండును. పోయిన గదిని తిరిగి తెచ్చి యిచ్చుటయే రివర్బ్ పెడల్ చేయు పని.

ఈ ప్రయత్నమునకు తొలి ప్రసిద్ధ ఉదాహరణము మౌత్ ఆర్గాను సంగీతమే యగుట విశేషము. 1947లో షికాగోలోని యూనివర్సల్ రికార్డింగు స్టూడియోలో బిల్ పట్నం అను ఇంజనీరు, జెర్రీ మురాడ్ నాయకత్వమున నున్న ‘హార్మోనికాట్స్’ బృందముచే ‘పెగ్ ఓ మై హార్ట్’ అను పాటను రికార్డు చేయించెను. వాద్యనాదమును స్నానాల గదిలో నుంచిన లౌడ్‌స్పీకరుకు పంపి, ఆ పలకల గోడల మ్రోతను వేరొక మైకుతో గ్రహించి, మూలనాదముతో కలిపెను. ఆ రికార్డు పదిలక్షలకు పైగా అమ్ముడుపోయినది. అటుపై గదికి బదులు వస్తువులు వచ్చినవి. ఇంటిలో వాయించు ఆర్గానుకు చర్చి గంభీరత కలిగించుటకై హేమండ్ వారు ఉక్కు స్ప్రింగులగుండ నాదమును నడిపిరి. 1957లో జర్మనీలో పెద్ద ఉక్కురేకును కంపింపజేయు యంత్రము వచ్చినది. 1961లో ఫెండర్ వారు స్ప్రింగుల పెట్టెను వేరుగా అమ్మిరి. 1976లో ఈ పనిని అంకెల లెక్కలతో చేయు యంత్రమును జర్మనీ వారే వెలువరించిరి. ఆ లెక్కయే నేడు కాలితో నొక్కు చిన్న పెట్టెలో ఇమిడినది.

పెట్టె చిన్నదే గాని దానిని వాడుట ఆలోచింపవలసిన పని. దానికి సాధారణముగ మూడు నాలుగు మీటలుండును. ఒకటి మూలనాదములో ప్రతినాదమును ఎంత కలుపవలెనో నిర్ణయించును. రెండవది ఆ మ్రోత ఎంతసేపు నిలువవలెనో చెప్పును. మూడవది మ్రోతలోని తీక్ష్ణతను తగ్గించును. కొన్నింటిలో మ్రోత మొదలగుటకు ముందు చిన్న వ్యవధి నుంచు మీట కూడ కలదు. 30 మిల్లీసెకనులలో నాదము సుమారు 10 మీటర్లు పోవును. అనగా 5 మీటర్ల దూరపు గోడను తాకి తిరిగివచ్చును. ఆపాటి వ్యవధి నుంచినచో, స్వరము ముందు స్పష్టముగా పలికి, గది పిదప బదులు చెప్పును. త్వరిత గతిలో మ్రోత ఒక సెకనును మించకుండుటయు, విలంబములో రెండు సెకనుల వరకు పోవుటయు మా చెవికి హితముగా తోచినది.

మరి కొన్ని జాగ్రత్తలు కలవు. పెడల్ మైకునకును ఆంప్లిఫయరునకును నడుమ నుండును. ఆంప్లిఫయరులో గరగర ఎక్కువైనచో స్వరముతోపాటు దాని మ్రోతయు గరగరలాడి రెండును కలగాపులగమగును. కావున గరగర హెచ్చిన కొలది ప్రతినాదము తగ్గవలయును. ఇక మ్రోత నిలిచినకొలది అది మరల మైకులో దూరి కూయు ప్రమాదము హెచ్చును. వాద్యకుడు ఆంప్లిఫయరునకు ఎదురుగా గాక ప్రక్కగా నిలుచుట మేలు. పాత స్ఫటికపు మైకులను తగని పెడల్‌కు తగిలించినచో మంద్రస్వరములు బలహీనపడును. అట్టివానికి నడుమ తగిన బఫరు నుంచవలెను.

ఇవన్నియు తెలిసియు మేమొకసారి తప్పు చేసితిమి. కొన్నేండ్ల క్రిందట ఒక యువకుడు మౌత్ ఆర్గానుతో మా స్టూడియోకు వచ్చెను. ఆయన పెడల్‌ను మితముగనే అమర్చుకొనెను. మా స్టూడియో గోడలు మ్రోతను మ్రింగునట్టివి. పెద్ద లౌడ్‌స్పీకర్లలో మాకు ఆ వాద్యము కొంత బోసిగా తోచినది. ఇంకను కలుపుమని మేమే చెప్పితిమి. ఆయన సంశయించెను, పెద్దలమని మా మాట మన్నించెను. స్టూడియోలో అది దేవాలయ మండపములో పలికినట్లుండగా మేము మురిసితిమి. ప్రసారమైన రాత్రి ఇంటిలో చిన్న రేడియోలో వింటిమి. ఊపిరి లేదు, తాటింపు లేదు. స్వరములు ఒకదానిపై నొకటి జారిపడుచుండెను. మరునాడు ఆ యువకుడు ఫోను చేసెను. ఊరిలో ఆయన తల్లి రేడియో చెంత కూర్చుండి, “ఇది నీ వాయింపు వలె లేదురా” అనెనట. ఆయన నిష్ఠురమాడలేదు. అందుచేతనే మాకు మరింత సిగ్గు కలిగినది. ఆయనను మరల పిలిపించి, ఆయన అమరిక ప్రకారమే రికార్డు చేసి ప్రసారము చేసితిమి.

మా పొరపాటు ఎక్కడనో పిమ్మట బోధపడినది. మేము స్టూడియోను మాత్రమే తలచితిమి. మీ యింటిని తలచలేదు. రేడియోనుండి వెలువడిన నాదము మీ గోడలను, మీ గచ్చునేలను తాకి రెండవ ప్రతినాదమును పొందియే మీ చెవి చేరును. మేము నింపి పంపినచో మీ గదికి చోటుండదు.

లేని గదిని సృష్టించుట మోసము కాదా అని కొందరు ప్రశ్నింతురు. గుప్పిటలోని మైకు గదిని దొంగిలించినది. పెడల్ దానిని తిరిగి యిచ్చుచున్నది. తీసికొన్నంత యిచ్చినచో అది న్యాయమే. మించి యిచ్చినపుడు గది మిగులును, మనిషి కనుమరుగగును. పెడల్‌ను ఆపిన క్షణమున మాత్రమే అది యింతవరకు ఉన్నదని శ్రోతకు తెలియవలెను. ఇకపై మౌత్ ఆర్గాను విన్నపుడు స్వరముల నడుమ ఊపిరి వినబడుచున్నదా అని ఒక్కమారు చెవి యొగ్గుడు. అది వినబడినచో మీటలు ఉండవలసిన చోటనే ఉన్నవని తలపవచ్చును.