11 నెలల కౌలుతో నేల పచ్చబడుతుందా?

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను శాస్త్రవేత్తను కాను. డిగ్రీ చదివి, ఉద్యమంలో తిరుగుతూ, పత్రికలో రాసుకుంటున్న రైతు బిడ్డను. మీలో చాలామందికి ఊళ్లో ఎకరమో రెండెకరాలో ఉంటుంది. అమ్మానాన్నలు చేస్తుంటారు, లేదా కౌలుకిచ్చి ఉంటారు. అందుకే ఈ మాట మీతో చెప్పాలి.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లపు మడుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, తడి ఆరకుండా మినుములో పెసలో చల్లడం పెద్దల నాటి పద్ధతి. దుక్కి ఖర్చు లేదు, నీరు కట్టే పని లేదు. నేలలో మిగిలిన తడికీ, మంచుకీ పెరుగుతుంది. మా ఇంట్లో వరి డబ్బు అప్పులోడికి పోయేది, మినుము డబ్బు మాకు మిగిలేది. మెట్టమీద చోళ్ల మధ్య కంది సాళ్లు, సీతంపేట కొండల్లో సవరల పోడులో సామలు, చోళ్లు, కందులు కలిపి చల్లడం, అన్నీ ఈ కోవలోవే.

దీన్ని వెనకబాటుతనం అన్నారు. కాదు, ఇది లెక్క! చోడి ఒక్కటే వేస్తే వచ్చే దిగుబడిలో 80 శాతం, కంది ఒక్కటే వేస్తే వచ్చేదాంట్లో 40 శాతం, కలిపి వేసిన ఎకరంలో వచ్చాయనుకోండి. ఎకరం నేల ఎకరా ఇరవై సెంట్ల పని చేసినట్టే కదా? 2015-16 గణాంకాల్లో రాష్ట్ర సగటు కమతం 0.94 హెక్టారు. అంటే రెండున్నర ఎకరాలు కూడా లేదు. కొత్తగా నేల కొనలేనివాడు ఉన్న నేలనే పెంచుకోవాలి. పైగా చోళ్లు ముందు, కందులు తరవాత చేతికొస్తాయి. ఒకటి పోయినా ఒకటి నిలుస్తుంది. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు వరికి 2,369 రూపాయలు, మినుముకు 7,800, కందికి 8,000. పప్పుజాతి వేళ్లు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు కొంత ఇస్తాయి, ఆ మేరకు యూరియా తగ్గుతుంది.

మరి ఎందుకు తగ్గిపోతోంది? కుర్రకారు విశాఖ, హైదరాబాద్, చెన్నై పనులకు వలసపోతే కోతకు మనుషులు లేరు. కోత మిషను దిగితే దాని చక్రాల కింద మినుము మొలక నలిగిపోతుంది. మొలక పోతే రెండో పంట లేదు. రెండో పంట లేకపోతే మళ్లీ వలస. ఈ చక్రంలో ఎవరు నలుగుతున్నారో మీకు వేరే చెప్పాలా?

ఇప్పుడు పచ్చిరొట్ట వేయండి, నేలను కప్పి ఉంచండి అంటున్నారు. మంచిదే. జీలుగ, జనుము పూత దశలో కలియదున్నితే నేల బాగుపడుతుంది. 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో రైతు సాధికార సంస్థ తొలకరికి ముందే నవధాన్యాలు చల్లిస్తోంది. కానీ విత్తనం ఖర్చు ఈ ఏడాదిది. నేలలో పెరిగే బలం వచ్చే ఏడాదిది, ఆపై ఏడాదిది. వచ్చే ఏడాది ఆ మడి తనదో కాదో తెలియని కౌలుదారు ఎవరి కోసం జీలుగ చల్లాలి? 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ఇచ్చిన గడువు 11 నెలలు. అదీ భూయజమాని సంతకం పెడితేనే! ఇక ఎండాకాలంలో ఊరి పశువులు విచ్చలవిడిగా తిరుగుతుంటే ఒక్కడు వేసిన పచ్చిరొట్ట మిగులుతుందా? అది ఊరంతా కూర్చుని తేల్చుకోవలసిన పని.

ఉద్యోగ మిత్రులారా, సంతకం పెట్టాల్సిన ఆ యజమాని ఎక్కడో లేడు. మనలోనే ఉన్నాడు. సంతకం పెడితే భూమి పోతుందని భయం. ఆ చట్టం కౌలుదారుకు హక్కు ఇచ్చింది పంట మీదే, భూమి మీద కాదు. చట్టం 11 నెలలే అంటే, ఏటా తిరగరాస్తానని మూడేళ్లకు మాటివ్వండి. పచ్చిరొట్ట విత్తనం ఖర్చులో సగం మీరు భరించండి. బాగుపడేది మీ నేలే కదా!

ప్రభుత్వాన్ని అడగాల్సినవి అడుగుదాం. మినుములు, కందులు మద్దతు ధరకు కల్లంలోనే కొనాలని పోరాడదాం. కానీ ముందు మన ఇంట్లో ఉన్న కౌలు కాగితం తీసి చూసుకుందాం.